చిన్న మ్యాప్‌లో పెద్ద లోకం ఎలా పడుతుంది?

1996లో వచ్చిన ‘డాగర్‌ఫాల్’ అనే రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆర్పీజీ, అంటే ఒక పాత్రను మలుచుకుంటూ ఆడే వీడియో గేమ్)లో లోకం బ్రిటన్‌తో పోల్చేంత పెద్దది. ఊళ్లు, గుళ్లు, గుహలు, పాడుబడ్డ కోటలు అన్నీ కలిపితే 15 వేలకు పైనే ఉంటాయి. అంత లోకాన్ని చేత్తో కట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి, అందులో చాలా భాగాన్ని కొన్ని సూత్రాలు ఇచ్చి కంప్యూటర్ చేతే పుట్టించారు. ఆరేళ్ల తర్వాత, 2002లో, డాగర్‌ఫాల్‌ను చేసిన బెథెస్డా సంస్థే అదే వరుసలో ‘మారోవిండ్’ తీసుకొచ్చింది. ఈసారి ఒకే ఒక్క ద్వీపం. విస్తీర్ణం పాతిక చదరపు కిలోమీటర్ల లోపే. కానీ ఊళ్లు, ఇళ్లు, ఇళ్లలోని సామాను దాకా డిజైనర్లు కూర్చుని అమర్చినవే.

ఈ రెండూ ఆడినవాళ్లను కదిలించి చూడండి. డాగర్‌ఫాల్‌లో తిరిగిన ఊళ్లలో ఒకదాన్ని వర్ణించమంటే చాలామంది తడుముకుంటారు. మారోవిండ్‌లో మొట్టమొదట అడుగుపెట్టే సేడా నీన్ అనే రేవు పల్లె గురించి అడిగితే లైట్‌హౌస్ ఎటు ఉందో, మురికి నీటిలోని ఏ మొద్దులో ఎవరు ఏం దాచారో ఇన్నేళ్ల తర్వాత కూడా చెప్పేస్తారు. డాగర్‌ఫాల్‌ను తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. దాని లక్ష్యం వేరు. అంతులేని దేశంలో ఎవరికీ తెలియని బాటసారిలా తిరగడం అందులో ఆనందం. అయితే ఇవాళ్టికీ కొత్త ఆర్పీజీ వస్తుందంటే ముందు వినిపించేది మ్యాప్ ఎంత పెద్దదన్న ప్రచారమే. ఆ అంకెకూ, ఆ లోకం మన మనసులో ఆక్రమించే చోటుకూ ఉన్న సంబంధం చాలా తక్కువ.

ఒకే చోటికి ప్లేయర్ ఎన్నిసార్లు వస్తాడు? ఎన్ని వేర్వేరు కారణాలతో వస్తాడు? వచ్చిన ప్రతిసారీ ఆ చోటు గురించి కొత్తగా ఏం తెలుసుకుంటాడు? ఆర్పీజీ లోకం పెద్దదా చిన్నదా అన్నది నా లెక్కలో ఈ ప్రశ్నలతో తేలుతుంది. మ్యాప్ చిన్నదైతే ఈ మూడింటికీ జవాబు చెప్పక తప్పదు. పెద్ద మ్యాప్‌కు తప్పించుకునే దారి ఉంది: విసుగొస్తే ప్లేయర్‌ను ఇంకో లోయలోకి పంపేయొచ్చు.

ఒక రేవు పల్లె

సేడా నీన్‌లో ఉన్నదల్లా గుప్పెడు ఇళ్లు, ఒక పన్నుల ఆఫీసు, ఒక దుకాణం, ఒక లైట్‌హౌస్. ఓడలోంచి ఖైదీగా దిగి, ఆఫీసులో కాగితాలు పూర్తి చేసుకుని బయటికి వచ్చే దారిలో ఒక పీపాలో మనకు ఒక ఉంగరం దొరుకుతుంది. బయట అడుగు పెట్టగానే ఫార్గోత్ అనే మనిషి తన ఉంగరం పోయిందని వాపోతుంటాడు. ఇచ్చేయొచ్చు, ఉంచేసుకోవచ్చు. ఇస్తే అతనితో పాటు అతని స్నేహితుడైన దుకాణదారుకూ మన మీద అభిమానం పెరుగుతుంది. ఇంతవరకు మామూలే.

అదే దుకాణం మేడ మీద హ్రిస్కార్ అనే సైనికుడు ఉంటాడు. ఫార్గోత్ ఎక్కడో డబ్బు దాస్తున్నాడు, రాత్రిపూట లైట్‌హౌస్ ఎక్కి కనిపెట్టమంటాడు. పైనుంచి చూస్తే ఫార్గోత్ దివిటీ పట్టుకుని ఊరంతా జంకుతూ తిరిగి, చివరికి బురద నీటిలోని ఒక మొద్దు దగ్గర ఆగుతాడు. మనం ఇచ్చిన ఉంగరం కూడా అక్కడే దొరుకుతుంది. ఇక ఊరి బయట పొదల్లో ఒక పన్ను వసూలుదారు శవం పడి ఉంటుంది. ఆఫీసులో చెప్తే హంతకుణ్ణి వెతకమంటారు. చనిపోయినవాడు ప్రేమించింది లైట్‌హౌస్ చూసుకునే స్త్రీని. చంపినవాడు నాలుగడుగుల దూరంలో గుడిసెలో ఉంటాడు. అన్యాయంగా పన్నులు పిండి ఆ సొమ్ముతో కులికాడు కాబట్టే చంపానంటాడు. అతణ్ణి ఏం చేయాలో మనమే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఆ లైట్‌హౌస్ ఎన్ని పనులు చేసిందో చూడండి. దూరం నుంచి దారి చూపే గుర్తు అది. రాత్రి కాపు కాసే చోటు అది. ఒక మనిషి కోసం ఎదురుచూస్తున్న స్త్రీ ఉండే చోటు కూడా అదే. పన్నుల ఆఫీసు మొదట మనకు స్వేచ్ఛ ఇచ్చిన గది, తర్వాత హత్య కేసు అప్పగించిన గది. దుకాణంలో కింద సరుకులు, పైన కుట్ర. కొత్త కట్టడం ఒక్కటి కూడా కట్టకుండా, ఉన్నవాటికే రెండో పని, మూడో పని అప్పజెప్పారు. చిన్న మ్యాప్ డిజైన్‌లో అన్నిటికంటే విలువైన పద్ధతి ఇదేనని నేను నమ్ముతాను. కొత్త క్వెస్ట్, అంటే ప్లేయర్‌కు అప్పగించే పని, రాస్తున్నప్పుడు దీనికి కొత్త చోటు ఏది అని కాకుండా, ఉన్న చోట్లలో ఏది దీన్ని మోయగలదు అని ముందు వెతకాలి.

నేల కొలత, నడక కొలత

మారోవిండ్ ద్వీపం అంత చిన్నదని ఆడుతున్నప్పుడు అనిపించదు. దానికి కారణాలు చాలా మామూలువి. మొదట్లో పాత్ర చాలా నెమ్మదిగా నడుస్తుంది. అప్పటి యంత్రాల శక్తి సరిపోక దూరాన్ని పొగమంచుతో కప్పారు. నడిమధ్యలో ఎర్ర పర్వతం అడ్డంగా కూర్చుని ఉంటుంది కాబట్టి ఒక కొస నుంచి ఇంకో కొసకు తిన్నగా పోలేం. క్వెస్ట్‌లు దారిని బాణం గుర్తుతో చూపవు, ఫలానా వంతెన దాటాక ఎడమకు తిరుగు అని మాటల్లో చెప్తాయి. తర్వాతి రోజుల్లో అభిమానులు మోడ్‌లతో (ఆటలో తాము చేసుకునే మార్పులతో) పొగమంచు తీసేసి చూస్తే, ఎంతో దూరం అనుకున్న ఊళ్లు ఆ పక్కనే కనిపించాయి.

అంటే ప్లేయర్ దూరాన్ని కొలిచేది కాలంతో, కనపడనితనంతో, మలుపులతో. తిన్నగా 30 సెకన్లు పట్టే దారిని రెండుసార్లు వంచి, మధ్యలో ఒక గోడతో చూపు ఆపితే అది రెండు చోట్లు అవుతుంది. అదే 30 సెకన్ల దారిని బయలుగా వదిలేస్తే, కొస చివర ఏముందో మొదటి సెకనులోనే తెలిసిపోతుంది, మిగతా 29 సెకన్లు బటన్ నొక్కి పట్టుకోవడమే.

‘ఆర్పీజీ మేకర్’ లాంటి సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టే కొత్త డిజైనర్లకు ఇది వెంటనే ఎదురయ్యే సమస్య. ఉదాహరణకు ఆర్పీజీ మేకర్ ఎంవీ అనే వెర్షన్‌లో తెరపై ఒకేసారి కనిపించేది అడ్డంగా 17, నిలువుగా 13 గళ్లు. ఒక్కో గడి 48 పిక్సెళ్లు. పాత్ర మామూలు వేగంతో సెకనుకు 3.75 గళ్లు నడుస్తుంది. కొత్తవాళ్లు ఉత్సాహంగా ఊరికి 100 గళ్ల వెడల్పు ఇచ్చేస్తారు. దాన్ని దాటడానికి దాదాపు 27 సెకన్లు పడుతుంది, ఆ దారిలో దాదాపు ఆరు తెరలు నింపాలి. ఆరు తెరలకు సరిపడే ఆలోచన ఉండదు కాబట్టి గడ్డి, చెట్టు, గడ్డి, చెట్టు. అదే ఊరిని 35 గళ్లకు కుదిస్తే రెండే తెరలు. ప్రతి తెరకూ దాని సొంత ముఖం ఇవ్వడానికి అప్పుడు తీరిక దొరుకుతుంది. ఖాళీ మ్యాప్ తెరిచినప్పుడు ముందుగా పెట్టుకోవాల్సిన కొలత గళ్ల సంఖ్య కాదు, ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి పట్టే సెకన్లు.

ముడివేసిన దారులు

2011లో వచ్చిన ‘డార్క్ సోల్స్’లో ప్లేయర్ ఫైర్‌లింక్ అనే చోట మొదలుపెట్టి, కొండ వైపు ఉన్న పాడుబడ్డ పట్టణంలోకి ఎక్కుతాడు. ఇరుకు సందులు, మెట్లు, వంతెన, ఆ తర్వాత ఒక చర్చి. చచ్చి బతికి అక్కడిదాకా వచ్చేసరికి ఇల్లు ఎక్కడో దూరంగా వదిలేసి వచ్చామన్న భావన గట్టిగా నాటుకుపోతుంది. చర్చి దగ్గర ఒక లిఫ్ట్ ఉంటుంది. ఎక్కితే కిందికి, కిందికి పోయి ఆగుతుంది. బయటికి వస్తే ఎదురుగా ఫైర్‌లింక్. ఇన్ని గంటల ప్రయాణం నిజానికి ఒకే కొండ చుట్టూ తిరగడమేనని ఆ క్షణంలో తెలుస్తుంది. మొదటిసారి ఆడేవాళ్లు అక్కడ నోరు తెరవడం సహజం. ఆ ఆట సగం దాకా ఫాస్ట్ ట్రావెల్, అంటే నడవకుండానే ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరిపోయే సౌకర్యం, ఇవ్వదు. దాంతో తెరుచుకున్న ప్రతి షార్ట్‌కట్ నిజమైన బహుమతిలా ఉంటుంది.

ఇక్కడ జరిగిన పని ఇది: దారిని గీతలా గీయకుండా ముడిలా వేశారు. గీతలాంటి దారిలో వెనక్కి రావడం శిక్ష. ముడిలాంటి దారిలో వెనక్కి రావడమే ఆవిష్కరణ. కాగితం మీద మ్యాప్ గీసేటప్పుడు ప్రతి ముఖ్యమైన చోటికీ కనీసం రెండు దారులు ఉండేలా, వాటిలో ఒకటి మొదట మూసి ఉండేలా చూసుకుంటే చాలావరకు ఇది సాధ్యమవుతుంది. 1996 నాటి మొదటి పోకెమాన్ ఆటల్లో కూడా ఈ తెలివి ఉంది. ఆట చివరికొచ్చాక సిన్నబార్ దీవి నుంచి సముద్రం మీద ఈదుతూ పైకి వస్తే, ఎక్కడ బయల్దేరామో ఆ పాలెట్ టౌన్ ఒడ్డుకే చేరతాం. మొదటిరోజు ఆ ఊరి దక్షిణాన మనల్ని ఆపేసిన నీళ్లే అవి.

తలుపుకు తాళం వేయడం ఒక్కటే మూసే పద్ధతి కాదు. 2001లో జర్మనీకి చెందిన పిరాన్యా బైట్స్ చేసిన ‘గోథిక్’లో మ్యాప్ దాదాపు మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. అడవిలోకి ఎవరైనా పోవచ్చు. కానీ మన స్థాయిని బట్టి అక్కడి మృగాలు బలహీనపడవు, మొదటి రోజు పోతే ఒకటి రెండు దెబ్బలకే పని అయిపోతుంది. అందుకే ప్లేయర్ బాట వదలడు, బాట మీద ఉన్న ప్రతి వంపునూ గుర్తుపెట్టుకుంటాడు. చాలాకాలం తర్వాత మంచి కవచంతో అదే అడవి పక్కన నడుస్తూ, ఒకప్పుడు పరిగెత్తిన చోట నిలబడి కత్తి దూయడంలో ఉన్న తృప్తి కొత్త ప్రాంతం ఇచ్చే తృప్తి కంటే ఎక్కువ. భయం ఇక్కడ గోడ పని చేసింది, ఆ గోడ కట్టడానికి ఒక్క ఇటుక కూడా అక్కర్లేదు.

హద్దుకు కారణం ఉండాలి

చిన్న లోకంలో అంచు త్వరగా తగులుతుంది. అక్కడ కనపడని గోడ కొట్టుకుంటే నమ్మకం పోతుంది. గోథిక్‌లో కథే అంచును కట్టింది: ఖైదీలతో నిండిన గనుల లోయ చుట్టూ మాయా కవచం, లోపలికి రావచ్చు గానీ బయటికి పోలేరు. ఆ ఆటలో అందరి సంభాషణా ఆ కవచం చుట్టూనే తిరుగుతుంది. మూడు శిబిరాలు ఏర్పడింది కూడా దాని గురించి ఏం చేయాలన్న విభేదం వల్లే.

2019 నాటి ‘డిస్కో ఎలీసియం’ రెవషోల్ అనే మహానగరంలో జరుగుతుంది, కానీ మనం చూసేది మార్టినేజ్ అనే ఒక్క పేద రేవు పేట. నీటి మీద దారి కలిపే కాలువ గేటు (వాటర్‌లాక్) పాడైపోయి ఉంటుంది, మూడో రోజు బాగుచేశాకే అవతలి తీరానికి వెళ్లగలం. రేవు గేట్లు సమ్మె వల్ల మూసేశారు. ఆ అడ్డంకులు రెండూ మ్యాప్‌కు హద్దులు, కథకు ముడిసరుకు కూడా. చిన్న మ్యాప్ కోసం కథ వెతుకుతున్నవాళ్లకు నా సలహా ఇదే: సహజంగానే చిన్నదైన చోటు ఎంచుకోండి. ఓడ, గని, దీవి, వరదలో చిక్కుకున్న ఊరు, మూసేసిన కోట. రాజధాని నగరం ఎంచుకుని దాన్ని 12 ఇళ్లతో చూపిస్తే, పాత్రలు లక్షల జనం గురించి మాట్లాడిన ప్రతిసారీ కంటికీ చెవికీ పొసగదు. 12 ఇళ్లే నగరం అనే ఒప్పందాన్ని పాత టూడీ ఆటల్లో మనం హాయిగా ఒప్పుకుంటాం. బొమ్మ నిజానికి దగ్గరయ్యే కొద్దీ ఒప్పుకోవడం కష్టమవుతుంది.

వివరం అంటే సామాను పేర్చడం కాదు

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మ్యాప్ చిన్నది కాబట్టి నింపాలి అనుకుని పీపాలు, పెట్టెలు, పూలకుండీలు, సాలెగూళ్లు కుక్కేస్తారు. స్క్రీన్‌షాట్‌లో అందంగా ఉంటుంది. ఆడితే టెన్షన్ మొదలవుతుంది. దేని మీద నడవొచ్చు, ఏది తెరవొచ్చు, ఏది ఉత్త బొమ్మ అని కన్ను తేల్చుకోలేదు. పది పీపాలు తెరిచి ఏమీ దొరకని ప్లేయర్ పదకొండోదాన్ని ముట్టుకోడు, మీరు అసలు రహస్యం పెట్టింది అందులో అయినా సరే.

2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో హార్వీ స్మిత్, మథియాస్ వర్చ్ అనే ఇద్దరు డిజైనర్లు ఇచ్చిన ప్రసంగం ఈ విషయంలో బాగా ప్రసిద్ధం. ఒక చోటును చూసి ‘ఇక్కడ ఏం జరిగింది’ అని ప్లేయర్ తనే ఊహించుకునేలా ఆనవాళ్లు అమర్చడం దాని విషయం. గదిలోని వస్తువుల మధ్య కార్యకారణ సంబంధం ఉంటే, మనసు ఆ ఖాళీని తనంతట తానే పూరిస్తుంది. ఒరిగిన కుర్చీ ఒక వస్తువు. ఒరిగిన కుర్చీ, దాని పక్కన సగం తిన్న కంచం, లోపలి నుంచి విరిగిన తలుపు గడియ ఉంటే అది ఒక సంఘటన. వస్తువులు మూడే.

మార్టినేజ్ ఈ విద్యలో ఒక శిఖరం. నాలుగు రోడ్ల కూడలిలో ఒకప్పటి రాజు విగ్రహం ఉంటుంది. విప్లవంలో పేల్చేసిన దాన్ని తర్వాత ముక్కలు ఏరి మళ్లీ నిలబెట్టారు. కొద్ది దూరంలో తూటాల గుంటలతో ఒక గోడ ఉంటుంది, ఓడిపోయినవాళ్లను నిలబెట్టి కాల్చిన చోటు. ఇప్పుడు ఆ పక్కనే జనం తమ పనులు తాము చేసుకుంటుంటారు. మనం దర్యాప్తు చేయాల్సిన శవం హాస్టల్ వెనక పెరట్లో చెట్టుకు వేలాడుతోంది. ఈ మూడూ ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొచ్చినవని గ్రహించడానికి చాలా గంటలు పడుతుంది. పాత యుద్ధం, విఫలమైన ఆశ, దాని మీద పేరుకున్న పేదరికం, దాంట్లోంచి సమ్మె, సమ్మెలోంచి శవం. ఆ పేటను ఒక కొస నుంచి ఇంకో కొసకు నడవడానికి కొన్ని నిమిషాలు చాలు. అందులో పొరల్లా పేరుకున్న చరిత్ర మాత్రం ఆట పూర్తయ్యేదాకా తవ్వినా మిగులుతుంది.

ఇంకో సంగతి. ఆ ఆటలో పాత్రకు 24 నైపుణ్యాలు ఉంటాయి, ఒక్కొక్కటి మన తలలో ఒక్కో గొంతులా మాట్లాడుతుంది. వీటిలో దేన్ని పెంచుకున్నామన్న దాన్ని బట్టి అదే గోడ దగ్గర ఒకరికి తూటా దిశ తెలుస్తుంది, ఇంకొకరికి చనిపోయినవాళ్ల భయం తెలుస్తుంది. అంటే ఒకే చోటును ఇద్దరు ప్లేయర్లు రెండు రకాలుగా చదువుతారు. ఆర్పీజీకి ఉన్న ప్రత్యేక బలం ఇది. పాత్రను మనం మలుచుకోగలిగినప్పుడు, ఆ మలుపు లోకాన్ని చూసే తీరులో కూడా కనిపించాలి. దొంగకు కిటికీ దారి, పండితుడికి శాసనం అర్థం, ఊరివాడికి పలకరింపు. కొత్త గది కట్టకుండానే గది మూడింతలు పెరుగుతుంది.

రోజు మారితే ఊరు మారాలి

2000లో వచ్చిన ‘మజోరాస్ మాస్క్’ను ఖచ్చితంగా ఆర్పీజీ అనలేం. కానీ చిన్న మ్యాప్ గురించి మాట్లాడుతూ దాన్ని వదిలేయడం నాకు చేతకాదు. చంద్రుడు మూడు రోజుల్లో నేల మీద పడబోతున్నాడు. ప్లేయర్ కాలాన్ని వెనక్కి తిప్పి అవే మూడు రోజులను మళ్లీ మళ్లీ గడుపుతాడు. మధ్యలో ఉన్న క్లాక్ టౌన్ చాలా చిన్నది, నాలుగు దిక్కులకు నాలుగు పేటలు. అందులో పోస్ట్‌మ్యాన్, సత్రం నడిపే ఆంజు, తప్పిపోయిన ఆమె కాబోయే భర్త కాఫే, ఇలా ఒక్కొక్కరికీ మూడు రోజుల సొంత దినచర్య ఉంటుంది.

మొదటి రాత్రి ఉత్తరపు పేటలో సకాన్ అనే దొంగ ఒక ముసలావిడ దగ్గర సంచి లాక్కుని పారిపోతాడు. ఆపితే ఆమె కుటుంబం నడిపే బాంబుల దుకాణంలో ఆ సరుకు మనకు దొరుకుతుంది. ఆపకపోతే సకాన్ దాన్ని దొంగసొత్తు కొనే దుకాణంలో అమ్ముకుంటాడు. సకాన్ ఆ దుకాణానికి ఎప్పుడొస్తాడా అని వెనక గదిలో ఒకడు కాచుకుని ఉంటాడు. అతనే కాఫే. కాబట్టి ముసలావిడకు సాయం చేసిన వారంలో, లేదా ఆ మూడు రోజుల చక్రంలో అనాలి, కాఫే ఆంజులను కలపలేం. ఒక మంచి పని ఇంకో మంచి పనిని అడ్డుకుంటుంది. ఈ విషయం ఎవరూ పాఠంలా చెప్పరు. ఊరు చిన్నది, మనుషులు ఒకరి దారిలో ఒకరు ఉన్నారు కాబట్టి అలా జరిగింది. పెద్ద మ్యాప్‌లో ఈ రెండు కథలూ రెండు ఊళ్లలో పెట్టేవాళ్లు, అవి ఎప్పటికీ తగులుకునేవి కావు.

జపాన్‌కు చెందిన ‘ట్రెయిల్స్’ వరుస ఆటలు 2004 నుంచి ఇదే పనిని ఇంకో పద్ధతిలో చేస్తున్నాయి. అక్కడ గడియారం లేదు. ప్రధాన కథలో ఒక్కో సంఘటన జరిగాక ఊళ్లోని మామూలు జనం మాటలు మారతాయి. ఓపికగా తిరిగేవాళ్లకు ఎవరో పెళ్లి ప్రయత్నం, ఇంకెవరో వ్యాపారం మునగడం అధ్యాయాలుగా తెలుస్తాయి.

‘యకూజా’ వరుస ఈ ఆలోచనను ఏళ్లకు సాగదీసింది. టోక్యోలోని కబుకిచోను చూసి కట్టిన కామురోచో అనే పేట 2005లో మొదటి ఆటలో వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఆటలు అవే వీధుల్లో నడిచాయి. 2015లో వచ్చిన ‘యకూజా 0’ కథ 1988లో జరుగుతుంది. మొదటి ఆట నుంచీ పేట మధ్యలో నిలబడి ఉన్న మిలీనియం టవర్ అప్పటికి లేదు. కథంతా కొన్ని అడుగుల ఖాళీ స్థలం ఎవరిదన్న దాని చుట్టూ, ఆ స్థలం కోసం జరిగే హత్యల చుట్టూ తిరుగుతుంది. ఆ పేట తెలిసినవాళ్లకు ఆ ఖాళీ జాగా చూస్తే గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే అక్కడ ఏం లేవబోతోందో వాళ్లకు ముందే తెలుసు. మ్యాప్‌లో అన్నిటికంటే చిన్న చోటు అన్నిటికంటే బరువైనదైంది.

పని ఎక్కడ పెరిగిపోతుంది

ఇదంతా వింటే చిన్న మ్యాప్ అంటే తక్కువ పని అనుకోవద్దు. నేల తగ్గుతుంది, రాత పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. ఊళ్లో 12 మంది, కథకు 5 దశలు, పగలు ఒక మాట రాత్రి ఒక మాట. 12ను 5తో, ఆ వచ్చినదాన్ని 2తో గుణిస్తే 120 సంభాషణలు. మూడో దశలో ప్లేయర్‌కు ఒక పెద్ద నిర్ణయం ఇచ్చారు, రెండు దారులు. అక్కడి నుంచి మూడు దశలూ రెండు రకాలు కావాలి, మొత్తం 192కు చేరింది. అదే దశలో దానితో సంబంధం లేని రెండో నిర్ణయం కూడా పెడితే 336. ఊరికి ఒక్క ఇటుక కూడా చేరలేదు.

ఉత్సాహం మీద మొదలైన చిన్న ఆటలు చాలావరకు ఆగిపోయేది ఇక్కడే. దీన్ని అదుపులో పెట్టడానికి మంచి మార్గం, అందరినీ అన్నిటికీ స్పందించేలా చేయకపోవడం. 12 మందిలో ముగ్గురికో నలుగురికో పూర్తి దినచర్య, ప్రతి దశకూ మాట ఇవ్వండి. మిగతావాళ్లు తమకు తగిలే విషయానికి మాత్రమే మారాలి. వంతెన కూలితే సరుకు తెచ్చే బండివాడి మాట మారాలి, సమాధులు చూసుకునే ముసలాయన మాట మారనక్కర్లేదు. నిజజీవితంలో కూడా పక్కింటి విషయం అందరినీ ఒకేలా కదిలించదు కాబట్టి ఇది లోపంగా కనిపించదు.

ఆర్పీజీ మేకర్ వాడేవాళ్లకు దీనికి పనిముట్లు చేతిలోనే ఉన్నాయి. మ్యాప్‌లో ఒక్కో పాత్ర ఏం చేయాలో రాసే చోటును ఈవెంట్ అంటారు. దానికి ఎన్నో పేజీలు పెట్టొచ్చు, ఒక్కో పేజీకి షరతులు ఇవ్వొచ్చు. షరతులు నెరవేరిన పేజీల్లో చివరిదే అమలవుతుంది. కాబట్టి కథ ముందుకు పోయేకొద్దీ కొత్త పేజీ చివర చేర్చుకుంటూ పోవాలి. ఆ ఒక్క పాత్రకే చెందిన చిన్న విషయాలకు, అంటే మనం ఆ మనిషిని ముందే పలకరించామా, డబ్బు ఇచ్చామా లాంటివాటికి, సెల్ఫ్ స్విచ్‌లు, అంటే ఆ ఒక్క ఈవెంట్‌కే పనిచేసే అవును-కాదు గుర్తులు, సరిపోతాయి. ఊరందరికీ తెలియాల్సిన వాటికే మామూలు స్విచ్ వాడాలి. ఏ స్విచ్ దేనికో మొదటి రోజు నుంచే పేరు పెట్టి రాసుకోండి. పేరులేని స్విచ్‌లు నలభై దాటాక ఆ ప్రాజెక్ట్‌ను కాపాడటం చాలా కష్టం.

మాట మార్చలేని చోట బొమ్మ మార్చండి. మూసిన కిటికీ, తీసేసిన బోర్డు, గుమ్మం ముందు చేరిన కొత్త సమాధి రాయి. ఇవి ఒక్క వాక్యం ఖర్చు లేకుండా కాలం గడిచిందని చెప్తాయి.

తిరిగి రావడం, మళ్లీ మళ్లీ తిప్పడం

చిన్న మ్యాప్‌ల మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది: అక్కడికీ ఇక్కడికీ తిప్పి తిప్పి గంటలు సాగదీస్తారు. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు ఉత్తరం చేరవేయి, జవాబు పట్టుకురా. ఇలాంటి క్వెస్ట్‌ను సమర్థించలేం. తిరిగి వచ్చినప్పుడు చోటులో గానీ, మనకు తెలిసినదాంట్లో గానీ, మన శక్తిలో గానీ ఏదో ఒకటి మారి ఉండాలి. మూడింటిలో ఏదీ మారకపోతే ఆ ప్రయాణాన్ని కోసేయడం మేలు.

ఫాస్ట్ ట్రావెల్ కూడా ఈ ప్రశ్నకే ముడిపడి ఉంది. మొదటి నుంచీ ఇచ్చేస్తే చిన్న మ్యాప్ చచ్చిపోతుంది. ఊరు మెనూలోని పేర్ల జాబితా అయిపోతుంది. ఎప్పటికీ ఇవ్వకపోతే చివరి గంటల్లో ప్లేయర్ ఓపిక చచ్చిపోతుంది. దారులు కంఠతా వచ్చాక, కథ వేగం అందుకున్నాక ఇవ్వడం సరైన సమయం. డార్క్ సోల్స్ సగంలో ఇవ్వడం అందుకే అంత బాగా కుదిరింది.

తలుపుల సంగతి కూడా చెప్పాలి. పెద్ద నగరంలో తెరుచుకోని తలుపులను ఎవరూ పట్టించుకోరు. 8 ఇళ్ల ఊళ్లో తెరుచుకోని ఒక్క తలుపు ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఉంటే అది ఊరికి ప్రాణం. లేకపోతే తలుపే పెట్టకండి, గోడ చాలు.

కాగితం, పెన్సిల్

మ్యాప్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? కెవిన్ లించ్ అనే నగర ప్రణాళికా నిపుణుడు బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలస్ నగరాల్లో అక్కడి వాళ్లను తమ ఊరిని గుర్తున్నంత వరకు గీయమని అడిగి, 1960లో ఆ ఫలితాలు ప్రచురించాడు. జనం నగరాన్ని ఐదు రకాల విషయాలుగా గుర్తుపెట్టుకుంటారని తేల్చాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గుర్తులు. గేమ్ డిజైనర్లు ఈ ఐదింటినీ చాలాకాలంగా వాడుకుంటున్నారు. కానీ ఆ జాబితా కంటే అతను వాడిన పద్ధతే మనకు ఎక్కువ ఉపయోగం అనుకుంటాను.

మీ ఆటను కొందరు స్నేహితుల చేత మినీమ్యాప్ (తెర మూలన కనిపించే చిన్న మ్యాప్) తీసేసి గంట సేపు ఆడించండి. ఆపేసి, కాగితం పెన్సిల్ ఇచ్చి ఊరు గీయమనండి. బొమ్మ అందంగా రావాల్సిన పని లేదు. ఎవరూ గీయని చోటు ఏదో చూడండి: అది ఇప్పటికీ ఖాళీయే, మీరు అక్కడ ఎన్ని పూలకుండీలు పెట్టినా సరే. దాన్ని తీసేయండి, లేదా ఇంకో చోట జరుగుతున్న ఒక క్వెస్ట్‌ను దానిలోకి మార్చండి. అందరూ నిజం కంటే పెద్దగా గీసిన చోటు ఏదో కూడా చూడండి. అక్కడ ఏదో బలంగా పనిచేస్తోంది, దాని పక్కన ఇంకేమీ కుక్కొద్దు. ఎవరైనా గీస్తూ గీస్తూ ఒక ఇంటి దగ్గర ఆగి, ఊరి పేరుకు బదులు ఆ ఇంట్లో ఉండే మనిషి పేరు రాస్తే, ఆ మనిషికి రెండో రోజు మాట కూడా రాయడం మొదలుపెట్టండి.